సరస్సుకు తోడు

నమోదు 571. నీరు 9 డిగ్రీలు. పడమటి గాలి.

నలభై రోజుల కిందట సరస్సులోకి దించిన పది వల సంచులనూ ఈ ఉదయం పైకి లాగాను. ఒక్కో సంచిలో పది గ్రాముల ఎండు పోప్లార్ ఆకు కట్టి దించాను. విప్పి, కడిగి, ఆరబెట్టి తూచితే తొమ్మిది గ్రాములు. రెండోదీ తొమ్మిదే. మూడోది తొమ్మిదింబావు. టీ కాచినట్టు కాస్త రంగు దిగింది, అంతే. ఈనెలు, అంచులు, కాడ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మళ్ళీ చెట్టుకి అంటిస్తే ఎవరూ గుర్తుపట్టరు.

వరసగా నాలుగోసారి ఇలా జరగడం. నాలుగుసార్లూ రాశాను, నాలుగుసార్లూ పంపాను. వారానికో నమోదు ఉండాలన్నది మా ఊరు కొత్తరేవు నియమం కాబట్టి రాస్తున్నాను. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సంచులు ఆరేసుకుంటూ ఉంటే నర్సింగ మావ వల భుజాన వేసుకుని వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. మా ఊళ్ళు సముద్రంలో కలిసిపోయి మమ్మల్నందరినీ ఈ చలికొండల మధ్యకి తెచ్చి పడేసినప్పుడు, ఈ మంచినీళ్ళలో మొదటి వల వేసింది ఆయనే. నా ముందు ఒక చుక్కచేపను పడేశాడు. తల పెద్దది, ఒళ్ళు సన్నం. కత్తితో పొట్ట చీల్చి చూపించాడు. లోపల ఏమీ లేదు.

“గూనిరొయ్య ఒక్కటి లేదు సూడు. సేప ఏటి తింటాది, నీ కాయితాలు తింటాదా?”

“రొయ్య తినే ఆకే మెత్తబడ్డం లేదు మావా. పచ్చి బియ్యం మనం నమలగలమా? ఆకు మీద బూజు పట్టి ఉడికినట్టవ్వాల, అప్పుడు గదా రొయ్య నోరు పెడతాది.”

“ఆ ముక్క నాకెందుకు సెప్తావు? మీ వదినకి సెప్పు.”

మా వదిన పైడితల్లి కొత్తరేవు నిర్వాహకురాలు. ఆమెకి చెప్పడం ఎంత సులువో మావకి తెలుసు. అందుకే అన్నాడు.

నమోదు 572. నీరు 8 డిగ్రీలు. గాలి లేదు.

కార్యాలయానికి వెళ్ళాను. ముందు గుమాస్తాతో మాట్లాడాలి. గుమాస్తా అంటే మనిషి కాదు, గోడలో ఉన్న గొంతు. ఈ ఊళ్ళో ఏ విన్నపమైనా దాని నోట్లోంచే లోపలికి పోవాలి.

“సరస్సులో ఆకు కుళ్ళడం లేదు. చీపురుని వెంటనే ఆపాలి” అన్నాను.

చీపురు అంటే ఆకులూడ్చే పడవ. ఆరేళ్ళుగా ప్రతి ఆకురాలు కాలంలోనూ తనంతట తనే తిరుగుతూ ఒడ్డు వెంట పడ్డ ఆకంతా గీకేసి, గీకిన చోటల్లా కుళ్ళు పట్టకుండా మందునీళ్ళు చల్లుతుంది. ఆ ఉత్తర్వు మీద వదిన సంతకం పక్కన నా సంతకం కూడా ఉంది. ఎందుకు పెట్టానో ఇక్కడ రాయబోవడం లేదు.

“మీ విన్నపం ‘కుళ్ళు’ అనే శీర్షిక కింద స్వీకరించబడింది” అంది గుమాస్తా. “పారిశుధ్య విభాగానికి పంపబడింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

“కుళ్ళు ఉందని కాదు, లేదని!”

“మీ రెండవ విన్నపం కూడా అదే శీర్షికకు జతచేయబడింది.”

లోపలికి వెళ్తే వదిన తల ఎత్తకుండా కూర్చోమంది. కార్యాలయంలో ఆమెని వదినా అనకూడదు, అధికారి గారూ అనాలి. అన్నాను. ఒడ్డు పొడుగునా ఆకుని ఈ ఏడాదికి వదిలేయమని అడిగాను. రొయ్యల సంగతి చెప్పాను, మావ తెచ్చిన చేప సంగతి చెప్పాను. మంచు పడి కనుమ దారి మూసుకుంటే ఐదు నెలలు ఏ బండీ రాదనీ, ఆరువందల ఇరవై మందికి ఎండుచేపలే ఆధారమనీ ఆమెకి నేను చెప్పనక్కర్లేదు.

“ఆకు నీళ్ళలో ఉండకూడదు” అంది.

“ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ...”

“తెలిసినప్పుడు మళ్ళీ అడగడమేటి?”

బయటికి వచ్చేశాను.

నమోదు 573. నీరు 7 డిగ్రీలు. వాన తుంపర.

నా విన్నపం మీద చర్య తీసుకున్నారు. చీపురు అదనంగా రెండుసార్లు తిరిగింది.

ఇంతకన్నా ఈ వారం రాయడానికి నా చెయ్యి సహకరించడం లేదు.

నమోదు 574. నీరు 7 డిగ్రీలు. పడమటి గాలి.

చీపురు గీకి తెచ్చిన ఆకంతా గట్టు మీద కొండలా పడి ఉంది. మూడు గోతాలు నింపాను. పట్టపగలే, అందరూ చూస్తూ ఉండగానే, రాళ్ళు కట్టి రేవు స్తంభాల కింద దించేశాను. చీపురు అక్కడికి దూరలేదు. నియమం తప్పాను. ఇది నమోదులో ఉంది కాబట్టి నన్ను పట్టుకోవాలంటే ఎవరైనా దీన్ని చదవాలి.

మావ తాడు పట్టుకున్నాడు. “ఇదే పని ముందే సేసుంటే పోయేది గదమ్మా” అన్నాడు.

నాకూ అదే అనిపించింది. ఆకు లేక రొయ్య పోయింది, ఆకు వేస్తే రొయ్య వస్తుంది. ఇంత చిన్న లెక్కకి నాలుగు నివేదికలు రాసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

నమోదు 577. నీరు 5 డిగ్రీలు. పొగమంచు.

మూడు గోతాలూ పైకి తీశాను. మూడు వారాలే కదా అయింది అనుకుంటూనే విప్పాను. ఆకు రంగు దిగింది, ఒకదానికొకటి అతుక్కుంది. చేత్తో నలిపితే నలగలేదు. వేలితో గీస్తే తోలులా ఉంది. కటకం కింద పెట్టి చూశాను. బూజు పట్టిన ఆకు దగ్గర నాలుగు చేతుల నక్షత్రాల్లాంటి బూజు విత్తనాలు తేలుతుంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక్క చుక్కలో వందలు లెక్కపెట్టేదాన్ని. ఇవాళ యాభై చుక్కలు చూశాను. ఒక్కటంటే ఒక్కటి లేదు.

చలికి తగ్గిందేమో అనుకోవడానికి లేదు. ఈ సరస్సు బూజు చలికి పుట్టిందే. మంచు గడ్డ కింద, ఒక డిగ్రీ నీళ్ళలో కూడా నెమ్మదిగా తన పని తాను చేసుకుపోయేది. అయితే ఆకు తప్పు కాదు, చలి తప్పు కాదు. మరి ఇంకేమిటి? మధ్యాహ్నం దాకా కటకానికి కన్ను అంటించి కూర్చున్నాను. కన్ను వాచింది కానీ జవాబు రాలేదు.

విసుగెత్తి ఉండగా మావ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చాడు.

“ఇంత తోడెట్టమ్మా. మా ఇంట్లో పెరుగు మొత్తం అయిపోనాది. మేకపాలు కాసి పొద్దుటేల పెట్టినాను, పాలు పాల్లాగే ఉన్నాయి.”

“తోడు వెయ్యకుండా ఎలాగ తోడుకుంటాది మావా?”

అనేశాక నా మాట నాకే వినిపించింది. గిన్నెలోకి పెరుగు వేస్తూ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మావ నా మొహం చూసి ఏమైందో అనుకున్నాడు.

ఆరేళ్ళు. ఆకుతో పాటు పాత ఆకు మీది బూజునీ గీకేశాం. గీకిన చోట మందు పోశాం. ఇప్పుడు ఎంత ఆకు వేసినా తోడుకోడానికి తోడే లేదు. మంచుకొండల నుంచి దిగే వాగుల ఒడ్డున చెట్లు లేవు, అక్కణ్ణించి రాదు. తోడు ఉన్న చోటు ఈ కొండల్లో ఒక్కటే ఉంది, సరస్సు అంచున ఉన్న మడుగు. అక్కడికి చీపురు వెళ్ళదు, దాని పటంలో ఆ చోటు నిషేధం. ఏడేళ్ళ కిందట దాని మూతికి రాళ్ళగట్టు కట్టి, గేటు పెట్టి, తాళం వేశారు.

ఆ తాళంచెవి వదిన మెడలో ఉంటుంది.

నమోదు 578. నీరు 4 డిగ్రీలు. ఎండ.

వెళ్ళాను. గుమాస్తాతో మాట్లాడకుండా నేరుగా లోపలికి వెళ్ళాను. అధికారి గారూ అనలేదు.

“వదినా, మూసిన మడుగు తాళం ఇయ్యి. అక్కడ పాత ఆకు కావాల.”

ఆమె కలం కింద పెట్టింది. “ఏ మొకం పెట్టుకుని అడుగుతున్నావు?”

తోడు సంగతి చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపింది.

“అవన్నీ తర్వాత. ఆ రోజు మంచు ఎక్కడ కొలిసినావు?”

ఏడేళ్ళుగా ఈ ప్రశ్న ఎప్పుడడుగుతుందా అని చూస్తూనే ఉన్నాను. జవాబు మాత్రం తయారు చేసుకోలేదు.

“రేవు కాడ.”

“ఎంతుంది?”

“జానెడున్నర.”

“మడుగు కాడ?”

“కొలవలేదు.”

“మరి జెండా ఎందుకెత్తినావు పోలేశ్వరీ?”

ఇది రాయనన్నాను కానీ రాయక తప్పేట్టు లేదు. మా అన్న తాతారావు, మంచు గట్టిగా ఉందని నేనెత్తిన పచ్చజెండా చూసి చేపల బండి తోసుకుంటూ మంచు మీదికి వెళ్ళాడు. మడుగు మీదుగా దగ్గరదారి పట్టాడు. ఆ మడుగు అడుగున ఏళ్ళ తరబడి పడ్డ ఆకు కుళ్ళుతూ గాలి బుడగలు వదులుతుంది. బుడగలు పైకొచ్చే చోట మంచు గట్టిపడదు. రేవు దగ్గర జానెడున్నర ఉన్న రోజున అక్కడ రెండు వేళ్ళు ఉంది. బండి దొరికింది. అన్న మూడో రోజున దొరికాడు. ఆకు మొత్తం ఊడ్చేయాలని వదిన కాగితం రాసినప్పుడు, చదవకుండా సంతకం పెట్టాను.

“నాకు తెలీదు వదినా. మంచు అన్ని చోట్లా ఒక్కలాగే ఉంటాదనుకున్నాను.”

“తెలీదు” అంది ఆమె. “నీకు తెలీదు. ఆ కుళ్ళు మీ అన్నని మింగీసినాది, ఇప్పుడు నాను తాళం తీసి దాన్ని ఊరంతా సల్లమంటావు.”

“సల్లకపోతే ఊరు ఏటి తింటాది?”

“సంభాషణను కుటుంబ వివాదంగా నమోదు చేయమంటారా?” అంది గోడ.

“నోర్ముయ్!” అన్నాం ఇద్దరం ఒకేసారి.

 వదిన కాగితాలు సర్దుకోసాగింది. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దింది. నేను వచ్చేశాను.

నమోదు 580. నీరు 2 డిగ్రీలు. ఒడ్డున సన్నటి మంచు పెచ్చులు.

సోమవారం ఆరు పడవలు వెళ్ళి ఏడు చేపలు తెచ్చాయి. మంగళవారం గుమాస్తా చేప కోటా సగానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించింది, అసౌకర్యానికి చింతించింది. నర్సింగ మావ తన వాటా చేపని ఇంటికి తీసుకెళ్ళకుండా వదిన బల్ల మీద పెట్టి, పొట్ట కోసి చూపించి వచ్చాడట.  

ఇవాళ తెల్లారి నేను పళ్ళు తోముకుంటుంటే వదిన వాకిట్లో నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. నా గడప తొక్కి ఏడేళ్ళయింది.

“చీపురు ఆపించినాను. పడవ తియ్యి” అంది.

మావ తెడ్డు వేశాడు.  ఒడ్డున పల్చటి మంచు పడవ మూతికి తగిలి పగులుతుంటే ఆ చప్పుడుకి వదిన ప్రతిసారీ పడవ అంచు పట్టుకుంది. గేటు దగ్గర తాళంచెవి తిరగలేదు, తుప్పు పట్టింది. పదిహేను నిమిషాలు ముగ్గురం తలో చెయ్యీ వేసి కుస్తీ పట్టాం. నేను నూనె తేలేదు. తాళం తియ్యమని పోరిన మనిషిని నూనె తేవాలని తోచలేదు. వదిన చివరికి రాయి తీసుకుని తాళాన్ని బాదేసింది.

లోపల నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. గరిటెజాలి వేసి అడుగు నుంచి తోడాను. నల్లటి ఆకు ముద్ద వచ్చింది. వాన వెలిసిన అడవి వాసన. ఒక్కో ఆకు కండ పోయి ఈనెలు మాత్రమే మిగిలి, ఎండకి పట్టి చూస్తే జల్లెడలా ఉంది. ముద్ద నిండా గూనిరొయ్యలు. చిటికెనవేలి గోరంత ఉంటాయి, నడుం వంచుకుని పక్కవాటుగా గిలగిలలాడుతున్నాయి. మావ ఒకదాన్ని అరచేతిలో వేసుకుని “ఓలమ్మ, బతికే ఉన్నారా మీరు!” అన్నాడు. 

వదిన ముద్ద వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూస్తోంది. పడవ పక్కన అడుగు నుంచి బుడగలు ఒకటొకటిగా వచ్చి చిట్లుతున్నాయి.

“ఇయ్యేనా?” అంది.

“ఇయ్యే.”

“ఆకు ఉన్నంతకాలం వస్తాయా?”

“వస్తాయి వదినా. లోతు తక్కువ చోట, ఆకు దట్టంగా పడితే వస్తాయి. అబద్ధం చెప్పను. ఆకు వేసిన చోటల్లా మంచు పల్చగా ఉంటాది.”

 నేను జాలి పట్టుకుని అలాగే ఉన్నాను, నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. ఇప్పుడు ఆమె పడవ తిప్పమంటే నేను ఎదురు చెప్పగలిగేదాన్ని కాదు. 

“అయితే ఎక్కడ వేస్తావో ముందే గుంజలు పాతు” అంది చివరికి. “నీ ఇష్టం వచ్చినట్టు పొయ్యకు. బళ్ళు నడిసే దారికి యాభై బారలు దూరం. గుంజ గుంజకీ మంచు కొలవాల. రేవు కాడ కొలిసి ఊరంతటికీ లెక్క సెప్పడం ఇంక లేదు.”

“కొలుస్తాను.”

“నువ్వు కాదు. నాను కొలుస్తాను. నువ్వు రాయి.”

పన్నెండు తొట్లు నింపాం. సాయంత్రానికి గట్టు మీద ఆకుకొండ దగ్గర సగం ఊరు చేరింది. ఒక్కో గోతాం కొత్త ఆకుకి రెండు దోసిళ్ళ పాత ముద్ద కలిపి, గుంజలు పాతిన చోటల్లా ఒక తూకం సంచితో పాటు దించాం, చలికి వేళ్ళు పనిచెయ్యడం మానేసేదాకా. గుమాస్తా ఈ పనిని ‘పారిశుధ్య ఉల్లంఘన’గా ప్రకటించింది. ఎవరూ పట్టించుకోలేదు.

నమోదు 586. మంచు కింద నీరు 1 డిగ్రీ. ఎండ, గాలి లేదు.

ముందు చెడ్డ కబురు రాస్తాను. చేప రాలేదు. ఈ శీతాకాలానికి రాదు. రొయ్య పెరగాలి, చేప ఒళ్ళు చెయ్యాలి, అందుకు ఒక ఏడో రెండేళ్ళో పడుతుందని ఊరి సభలో చెప్పాను. మీద పడి అరిచారు. ఆరేళ్ళు గీకించి ఇప్పుడు రెండేళ్ళు ఆగమంటావా అని అడిగారు. న్యాయమే. ఆ ఉత్తర్వు మీది సంతకాల్లో ఒకటి నాదేనని చెప్పి కూర్చున్నాను. రెండోది తనదని వదిన లేచి చెప్పింది. బార్లీ, బంగాళాదుంపలతో కనుమ తెరిచేదాకా సరిపెట్టుకోవాలి. సగం కోటా పావు అయింది. నర్సింగ మావ బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడుచుకున్నాడు.

ఈ ఉదయం నాలుగో గుంజ దగ్గర రంధ్రం కొట్టి సంచి లాగాం. నేను మంచు మీద బోర్లా పడుకుని, నడుముకి కట్టిన తాడు మావ పట్టుకుంటే, జరుగుతూ జరుగుతూ వెళ్ళాను. విప్పి చూస్తే ఆకు ముదురు గోధుమరంగు. వేలితో నొక్కాను. వేలు దిగింది. కటకం కింద మొదటి చుక్కలోనే నాలుగు చేతుల విత్తనాలు ఆరు కనిపించాయి. ఆరబెట్టి తూచితే పది గ్రాముల్లో రెండు గ్రాములు పోయాయి.

ఆ అంకె పంపగానే గుమాస్తా బదులిచ్చింది. “ఇరవై శాతం నష్టం గుర్తించబడింది. నష్ట నివారణకు చీపురు సేవను పునరుద్ధరించాలని సిఫారసు చేయడమైనది.”

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. గోడ కూడా అదే కాబట్టి మానుకున్నాను. వదిన తన కుర్చీలోంచి లేచి వెళ్ళి, నష్టం అన్న మాట కొట్టేయించి ‘తినబడినది’ అని రాయించింది. అలాంటి శీర్షిక లేదంది గుమాస్తా. పెట్టమంది వదిన. ఇరవై నిమిషాలు వాదించింది. నన్ను ఏడేళ్ళు సతాయించిన ఆ మొండితనం నా తరఫున పనిచెయ్యడం చూస్తూ కూర్చున్నాను.

సంచి నీళ్ళు పిండుతుంటే అడుగున రొయ్య ఒకటి దొరికింది. ఒకే ఒక్కటి. వదిన చేతి తొడుగు తీసి దాన్ని చిటికెనవేలు మీద ఎక్కించుకుంది.

“ఇది తిన్నాదా ఆకు?”

“తిన్నాది.”

“మళ్ళీ ఎయ్యి నీళ్ళలో. సలికి సచ్చిపోతాది.”

వేశాను. ఆమె నా తాడు విప్పి తన నడుముకి కట్టుకుని, గునపం తీసుకుని అయిదో గుంజ వైపు వెళ్ళింది. నన్ను అడుగు కూడా కదపనివ్వలేదు. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, రంధ్రంలోకి చెయ్యి పెట్టి, వేళ్ళతో కొలిచి గట్టిగా అరిచింది. వినబడిందా అని రెండోసారి కూడా అరిచింది. వినబడిందన్నాను. ఎర్రగుడ్డ కట్టి, బోర్లా పడుకుని ఆరో గుంజకి పాకింది.

నాలుగో గుంజ, జానెడు. అయిదో గుంజ, బెత్తెడు. ఆరో గుంజ, రెండు వేళ్ళు, ఎవరూ వెళ్ళరాదు.

కొలిచినది పైడితల్లి. రాసినది పోలేశ్వరి.